అద్దె బోయ ఉంటే లంగరు అక్కర్లేదా?

సంపాదకులకు,

తెరచాప పడవ విహారాలపై మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం, రాత్రి బసకు అద్దె బోయ (పడవను కట్టుకోవడానికి నీటిపై తేలేలా అడుగున బిగించి ఉంచే తేలుడు గుండు) దొరికితే లంగరుతో పని లేదన్నట్లు సాగింది. పోటూ పాటూ ఎరుగని హుస్సేన్ సాగర్‌లో సెయిలింగ్ నేర్చుకుని, తర్వాత స్కాట్లాండ్ పశ్చిమ తీరంలో బంధువులతో తిరిగిన నాకు ఆ మాట మింగుడుపడలేదు.

బోయను పట్టి ఉంచే గొలుసు, దిమ్మె నీటి అడుగున ఉంటాయి. వాటిని చివరిసారి ఎప్పుడు పరీక్షించారో, ఎంత బరువుకు ఆగుతాయో పైనుంచి చూసి చెప్పలేం. ఒకచోట బోయపై బరువు పరిమితి చెరిగిపోయి కనిపిస్తే, మా బావగారు పట్టుబట్టి పక్కనే ఇసుక నేలలో లంగరు వేయించారు; చలిలో గొలుసు వదిలింది మాత్రం నేనే. పోటు సమయంలో ఉండే నీటి లోతుకు నీటిపైన పడవ ముక్కు ఎత్తు కలిపి, లంగరుకు కట్టింది అంతా గొలుసే అయితే దానికి కనీసం 4 రెట్ల పొడవు, తాడు ఎక్కువైతే 6, 7 రెట్లు వదిలి, ఇంజన్‌ను వెనక్కి నడిపి పట్టు చూసుకుంటే, ఆ రాత్రి భద్రత చాలావరకు మన లెక్కలోనే ఉంటుంది.

అయితే అంత పొడవు వదిలిన పడవ గాలి మారినప్పుడల్లా పెద్ద వలయంలో తిరుగుతుంది కనుక, స్కాట్లాండ్‌లోని టోబర్‌మోరీ వంటి లోతైన, రద్దీ రేవులో బోయే మేలు. మధ్యధరాలో పోసిడోనియా సముద్రపు గడ్డి ఉన్నచోట లంగరు దాన్ని వేళ్లతో పెకలిస్తుంది. అక్కడి స్పెయిన్ దీవులైన బేలియారిక్‌లలో 2018 నుంచి ఆ గడ్డిపై లంగరు వేయడం నిషిద్ధం. ఈ తేడాలను కూడా వ్యాసకర్త ప్రస్తావించి ఉండాల్సింది.

— ఒక పాఠకుడు, మారేడ్‌పల్లి, హైదరాబాద్