ప్రొరోగ్ అంటే వాయిదా కాదు, రద్దూ కాదు

సంపాదకులకు నమస్కారం.

అసెంబ్లీ సమావేశాలు ముగిసినప్పుడల్లా పత్రికల్లో, టీవీ స్క్రోలింగుల్లో ‘ప్రొరోగ్’ అనే మాట రెండు రోజులు కనబడి మాయమవుతుంది. ఒకచోట దాన్ని నిరవధిక వాయిదా అంటారు, ఇంకోచోట ‘స్పీకర్ ప్రొరోగ్ చేశారు’ అని రాస్తారు, అప్పుడప్పుడు సభే రద్దయిందని తేల్చేస్తారు. మూడూ తప్పే.

వాయిదా వేసేది స్పీకర్. గంటకైనా వేయొచ్చు, మళ్లీ కలిసే తేదీ చెప్పకుండా నిరవధికంగానైనా వేయొచ్చు. దాంతో ఆగేది సభ కూర్చోవడమే, సెషన్ (ఒక విడత సమావేశాలు) కాదు. సెషన్‌ను ముగించేది గవర్నర్. మంత్రివర్గ సలహా మేరకు, రాజ్యాంగం 174వ అధికరణ కింద ముగిస్తారు. పార్లమెంటు విషయంలో ఆ పని రాష్ట్రపతిది, అధికరణ 85. అదే ప్రొరోగ్. వాయిదా పడిన సాయంత్రమే అది జరగాలని లేదు, చాలాసార్లు కొన్ని రోజులాగి నోటిఫికేషన్ వస్తుంది. ఇక రద్దంటే సభ్యులందరూ మాజీలై ఎన్నికలకు పోవడం. మండలిని ప్రొరోగ్ చేస్తారే గానీ అలా రద్దు చేయరు. 169వ అధికరణ కింద పార్లమెంటు చట్టం చేసి మండలినే ఎత్తేయడం వేరే సంగతి.

ఈ తేడా పట్టించుకోకపోతే ఏమవుతుందో తెలంగాణలోనే చూశాం. ఏటా మొదటి సెషన్ ఆరంభంలో గవర్నర్ ప్రసంగించాలని 176వ అధికరణ చెబుతుంది. 2022 మార్చి 7న ఆ ప్రసంగం లేకుండానే బడ్జెట్ పెట్టారు. వెనకటి సెషన్ ప్రొరోగ్ కాలేదు, ఇది దాని కొనసాగింపే కాబట్టి ప్రసంగం అక్కర్లేదన్నది ప్రభుత్వ వాదన. అది మర్యాదా కాదా అన్నది రాజకీయం, దాని జోలికి పోను. కానీ వెనకటి సమావేశాలు ‘ముగిశాయి’ అని పత్రికలో చదివిన పాఠకుడికి ఆ గొడవ తలా తోకా అర్థం కాదు. పంజాబ్‌లోనూ చిక్కు ఇక్కడే వచ్చింది. 2023 మార్చిలో నిరవధికంగా వాయిదా పడిన సభను స్పీకర్ జూన్ 19, 20 తేదీల్లో మళ్లీ పిలిస్తే, ఆ సమావేశం చెల్లుతుందా అని గవర్నర్ సందేహం లేవనెత్తారు. సభ ప్రొరోగ్ కాలేదు కనుక పిలిచే అధికారం స్పీకర్‌కు ఉందని సుప్రీంకోర్టు అదే ఏడాది నవంబర్ 10న తేల్చింది.

ఆర్డినెన్సుల కిటుకు కూడా ఇందులోనే ఉంది. సెషన్ నడుస్తుండగా ఆర్డినెన్స్ తేవడం కుదరదు. అయితే రెండు సభలున్నచోట రెండూ సెషన్‌లో ఉంటేనే ఆ అడ్డు. ఒక్కదాన్ని ప్రొరోగ్ చేసినా దారి తెరుచుకుంటుంది. 2015 మార్చి 28న రాజ్యసభను మాత్రమే ప్రొరోగ్ చేసి, ఏప్రిల్ 3న భూసేకరణ ఆర్డినెన్స్‌ను మళ్లీ తెచ్చింది ఇలాగే. ఏపీ, తెలంగాణ రెండింటికీ మండళ్లున్నాయి. కాబట్టి ‘ఉభయ సభలు ప్రొరోగ్’ అని అలవాటుకొద్దీ రాసేముందు నోటిఫికేషన్‌లో ఏ సభ పేరుందో చూడాలి.

లండన్ వార్తలను తెనిగించేటప్పుడు ఇంకో పొరపాటు దొర్లుతుంది. బ్రిటన్‌లో ప్రొరోగ్ చేస్తే, తర్వాతి సెషన్‌కు తీసుకెళ్లేందుకు ముందే ఏర్పాటు చేసుకున్నవి తప్ప పెండింగ్ బిల్లులు పడిపోతాయి. మనకు అలా కాదు. 107, 196 అధికరణల ప్రకారం ప్రొరోగ్ వల్ల బిల్లు మురిగిపోదు. పోయేవి నోటీసులు. లోక్‌సభ నిబంధన 335 ప్రకారం, బిల్లు ప్రవేశపెట్టడానికి అనుమతి కోరే నోటీసులు తప్ప మిగతావన్నీ వచ్చే సెషన్‌కు కొత్తగా ఇచ్చుకోవాలి. రెండు సెషన్ల మధ్య ఆరు నెలలకు మించి ఎడం ఉండకూడదన్న గడువు లెక్కలోనూ తప్పుతుంటారు. దాన్ని ప్రొరోగ్ అయిన తేదీ నుంచి కాదు, సభ చివరిగా కూర్చున్న రోజు నుంచి లెక్కించాలి.

మాట పుట్టుక లాటిన్. అక్కడ దానికి పొడిగించడం అని అర్థం. రోమ్‌లో ఏడాది పదవీకాలం ముగిసిన సేనానికి అధికారాన్ని పొడిగించడాన్ని ఆ మాటతోనే చెప్పేవారు. ఇంగ్లీషుకొచ్చేసరికి ‘తర్వాతికి నెట్టడం’ మీదుగా సెషన్ ముగింపుగా స్థిరపడింది. ఇంగ్లీషు స్పెల్లింగులో (prorogue) చివరి రెండక్షరాలు పలకవు కాబట్టి ‘ప్రొరోగ్యూ’ అనకూడదు. ఈ మాట జనం నోళ్లలో బాగా నానింది 2019లో. ఐదు వారాలపాటు పార్లమెంటును ప్రొరోగ్ చేయించిన బ్రిటన్ ప్రధాని సలహా చట్టవిరుద్ధమని ఆ దేశ సుప్రీంకోర్టు సెప్టెంబర్ 24న 11 మంది జడ్జీల ఏకాభిప్రాయంతో తీర్పిచ్చింది. మర్నాడే సభ కూర్చుంది.

కొత్త తెలుగు మాట పుట్టించమని నేను కోరడం లేదు. ‘గవర్నర్ సెషన్‌ను ముగించారు’ అని ఒకసారి రాసి, ఆపైన ప్రొరోగ్ అనే వాడితే చాలు. డెస్క్‌లో అనుమానం వస్తే నోటిఫికేషన్‌లో అధికరణ సంఖ్య పక్కనున్న అక్షరం చూడండి. 174వ అధికరణ రెండో క్లాజులో ‘ఎ’ అయితే ప్రొరోగ్, ‘బి’ అయితే రద్దు.

— విశ్రాంత రాజనీతిశాస్త్ర అధ్యాపకుడు, హనుమకొండ