‘తరువాత’ ఒక్కటే కాదు, ‘వద్దు’ అనే బటన్ కూడా ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

బేగంబజార్, ఉస్మాన్‌గంజ్ ప్రాంతాల్లోని కొన్ని చిన్న దుకాణాలకు నేను పద్దులు రాస్తాను, నెలనెలా జీఎస్టీ రిటర్నులు దాఖలు చేస్తాను. ఒకప్పటి చిట్టా పుస్తకం స్థానంలో ఇప్పుడు ఈ దుకాణాలన్నింటిలోనూ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నడుస్తోంది. కొంతవరకు ఉచితం, అంతకు మించిన సదుపాయాలు కావాలంటే నెలకో ఏడాదికో చందా. ఈ పద్ధతిపై నాకు ఎలాంటి అభ్యంతరమూ లేదు, ఎందుకంటే ఒక సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసి, పన్నుల నిబంధనలు మారినప్పుడల్లా దాన్ని సరిచేస్తూ నడిపేవారికి రాబడి ఉండి తీరాలి. నేను రాస్తున్నది ఆ చందా కట్టమని అడిగే తీరు గురించి.

నేను పద్దులు చూసే ఒక స్టీలు సామాన్ల దుకాణంలో గల్లా దగ్గర యజమానురాలే కూర్చుంటారు. పెళ్లిళ్ల రోజుల్లో ఒక సాయంత్రం, బిందెలు, గంగాళాలు కొన్నవారు బయట ఆటోను ఆపి నిలబడి ఉండగా, ఆమె బిల్లు ప్రింటు నొక్కగానే తెరంతా కప్పేస్తూ ఒక పెట్టె వచ్చింది. మిగతా సాఫ్ట్‌వేర్ అంతా తెలుగులోనే ఉన్నా ఆ పెట్టె మాత్రం ఇంగ్లీషులో ఉంది. మధ్యలో ‘ఇప్పుడే అప్‌గ్రేడ్ చేయండి’ అని అర్థం వచ్చే పెద్ద నారింజ రంగు బటన్, దాని కింద కళ్లజోడు పెట్టుకున్నా ఆనని బూడిద రంగు అక్షరాల్లో ‘లేటర్’, అంటే ‘తరువాత’. అంతకు మించి మరో దారి లేదు. ఆమె నాతో అన్న మాటలివి: “రోజూ తర్వాత అనే ఒత్తుతున్న సార్, అది ఇడుస్తలేదు. అందుకే ఆ రోజు పెద్దదే ఒత్తిన.” ఒక్క రూపాయి కడితే 14 రోజులు ఉచితమని చూపించగా, బేరం నిలిచిపోతుందన్న తొందరలో ఆమె ఫోన్‌లో యూపీఐ పిన్ కూడా కొట్టేశారు. అది రూపాయికి ఇచ్చిన అనుమతి మాత్రమే కాదనీ, ప్రతి నెలా డబ్బు తీసుకోవడానికి ఇచ్చిన ఆటోపే అనుమతి అనీ ఆమెకు తెలియలేదు.

రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఇటువంటి నెలవారీ కోతకు కనీసం 24 గంటల ముందు సమాచారం పంపాలి. పంపారు కూడా. అయితే అది ఇంగ్లీషులో, పదుల కొద్దీ ప్రకటనల సందేశాల మధ్య వచ్చి పడింది. తెరమీద 999 రూపాయలని ఉన్నది, ఖాతాలో కోత పడేసరికి 18 శాతం జీఎస్టీతో 1,178 రూపాయల 82 పైసలు అయింది. చందా రద్దు చేసే చోటు ఆ సాఫ్ట్‌వేర్‌లో ఎంత వెతికినా నాకూ దొరకలేదు. చివరికి యూపీఐ యాప్‌లోని ఆటోపే విభాగంలోకి వెళ్లి అనుమతినే రద్దు చేశాం.

ఆ పెట్టెలోని ‘తరువాత’ అన్న మాట నన్ను చాలా రోజులు వదలలేదు. మన వాడుకలో ‘తరువాత చూద్దాంలెండి’ అంటే నూటికి తొంభై పాళ్లు వద్దనే అర్థం. ముఖం మీద వద్దనడం బాగుండదని అలా అంటాం. సుల్తాన్‌బజార్‌లో అరగంట సేపు చీరలు చూసి ‘ఒకసారి తిరిగి వస్తామండీ’ అని లేచినవారిని అనుభవమున్న ఏ దుకాణదారుడూ చెయ్యి పట్టుకుని ఆపడు. పరిచిన చీరలు మడతపెట్టుకుంటూనే ‘మంచిదమ్మా, రండి’ అంటాడు. వాళ్లు మరో పండుగకు మళ్లీ ఆ మెట్లెక్కేది ఆ మాట వల్లనే. సాఫ్ట్‌వేర్ మాత్రం ‘తరువాత’ను ఒక గడువుగా లెక్కవేసుకుని మర్నాడు మళ్లీ ఎదురొస్తుంది. వద్దని చెప్పే దారి లేకుండా చేసి, మర్యాదకు అన్న మాటను వాయిదా వేసిన ఒప్పుకోలుగా తీసుకోవడం నాకు న్యాయంగా తోచడం లేదు.

ఇది నా ఒక్కడి చాదస్తం కాదు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న ప్రకటించిన మార్గదర్శకాలు, వినియోగదారులను మభ్యపెట్టే 13 రకాల ‘డార్క్ ప్యాటర్న్స్’ను నిషేధించాయి. పదేపదే అడిగి విసిగించడం వాటిలో ఒకటి, ‘వద్దు’ అనే అవకాశమే ఇవ్వకపోవడాన్ని ఆ మార్గదర్శకాలే దానికి ఉదాహరణగా చూపాయి. ఉచిత గడువు ముగిసి చందాగా మారేటప్పుడు చెప్పకపోవడం, రద్దు చేసే దారిని దాచడం, ధరను ముక్కలుగా బయటపెట్టడం, కాదన్నవారిని సిగ్గుపడేలా మాట్లాడించడం కూడా ఆ జాబితాలో ఉన్నాయి. 2025 జూన్‌లో ఇ-కామర్స్ వేదికలన్నీ మూడు నెలల్లో తమను తాము తనిఖీ చేసుకోవాలని ఆ సంస్థే సూచించింది. చిన్న దుకాణాలకు సాఫ్ట్‌వేర్ అమ్మేవారు కూడా ఆ పని చేయాలని నా విన్నపం.

అన్నింటికంటే ముఖ్యం అడిగే సమయం. నెలవారీగా దాఖలు చేసేవారికి జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాలు చూపే రిటర్ను) గడువు మరుసటి నెల 11వ తేదీ. ఆ రాత్రి నెల బిల్లులన్నీ సరిచూసి, నివేదికను ఎక్సెల్‌లోకి దించుకుందామని నొక్కిన తర్వాత, ఇది ప్రీమియం (చందా కట్టినవారికే ఇచ్చే) సదుపాయమని తెర అడ్డుపడుతుంది. నొక్కకముందు ఆ బటన్ మీద తాళం గుర్తు గానీ ధర గానీ ఉండదు. గడువు దాటితే ఆలస్య రుసుము పడుతుందన్న భయంతో ఉన్న మనిషి ఆ క్షణంలో ధరను బేరీజు వేసుకోలేడు, మరొకరిని అడగలేడు, కట్టేస్తాడు. ఆ చెల్లింపును ‘వినియోగదారుడికి నచ్చింది’ అని లెక్కలో రాసుకోవడం తప్పు. తాళం గుర్తు ముందే కనిపిస్తే నెల మొదట్లోనే అతను తీరికగా నిర్ణయించుకుంటాడు.

మర్యాదగా అడిగిన సాఫ్ట్‌వేర్‌నూ నేను చూశాను. ఒక డ్రైఫ్రూట్స్ దుకాణంలో 300 రకాల సరుకుల వరకు ఉచితంగా నమోదు చేసుకోవచ్చు. లెక్క 280కి చేరాక, సరుకుల తెరమీద ఒక వారగా, తెలుగులో, ఇంకా 20 చేర్చుకోవచ్చనీ, అంతకు మించితే పన్నుతో కలిపి ఏడాదికి ఇంత అవుతుందనీ, కట్టకపోయినా ఇప్పటివరకు రాసుకున్నవి ఎక్కడికీ పోవనీ రాసి ఉంది. పక్కనే ‘వద్దు’ ఉంది. దాన్ని నొక్కితే, 300 నిండేవరకు మళ్లీ ఆ ఊసెత్తలేదు. బిల్లు కొట్టే తెరమీదికి అది ఒక్కసారి కూడా రాలేదు. రంజాన్‌కు ముందు ఖర్జూరం రకాలు పెరిగి 300 దాటినప్పుడు ఆ యజమాని తనంతట తానే ఏడాది చందా కట్టారు, నిరుడు మళ్లీ పొడిగించారు. వద్దన్నవారు పోయిన గిరాకీ అని భయపడే కంపెనీలు ఈ సంగతిని గమనించాలి.

ఇటువంటి సాఫ్ట్‌వేర్‌లకు తెరలు గీసే యువతీయువకులు మన మాదాపూర్, రాయదుర్గం కార్యాలయాల్లోనూ ఎందరో పనిచేస్తున్నారు. రాయదుర్గంలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగవచ్చు, అక్కడి నుంచి బేగంబజార్ దగ్గరే. తాము గీసిన పెట్టె ఎవరి చేతికి అడ్డుపడుతోందో చూడటానికి వారు ఒక్క సాయంత్రం, కొనుగోలుదారులు నిలబడి ఉన్న వేళ వస్తే, ఆ స్టీలు సామాన్ల దుకాణం యజమానురాలు గల్లా పక్కన కుర్చీ వేయిస్తానన్నారు.

– పద్దుల గుమాస్తా,
బేగంబజార్, హైదరాబాద్