ఆడవాళ్ల గుండెదడను టెన్షన్ అని పంపేయకండి: జిల్లా వైద్యాధికారి గారికి బహిరంగ లేఖ

హనుమకొండ జిల్లా వైద్య, ఆరోగ్య శాఖాధికారి గారికి నమస్కారం.

పరకాల వైపు పత్తి చేన్లలో కూలికి పోయే మా చిన్నమ్మకు ఉన్నట్టుండి గుండె దడదడా కొట్టుకునేది. మెడలో నరాలు ఎగిరెగిరి పడేవి, కళ్లు తిరిగేవి. ఆటో మాట్లాడుకుని దవాఖానకు చేరేలోపు ఆ దడ ఠక్కున ఆగిపోయేది. ఈసీజీ నార్మల్. "టెన్షన్ తగ్గించుకో అమ్మా" అని నిద్రమాత్రలు రాసి పంపారు. ఏళ్ల తర్వాత, దడ ఉండగానే తీసిన ఈసీజీలో అసలు జబ్బు బయటపడింది: ఏవీఎన్ఆర్‌టీ. గుండెలోని కరెంటు ఒక అదనపు దారిలో పడి గిర్రున తిరగడమన్నమాట. ఇది మగవాళ్లకంటే ఆడవాళ్లలో దాదాపు 2 రెట్లు ఎక్కువ. అబ్లేషన్, అంటే సన్నని తీగను గుండెలోకి పంపి ఆ దారిని మూసేసే చికిత్స, చేస్తే 100లో 95 మందికి పైగా నయమవుతుంది. అలాంటి జబ్బుతో ఇన్నేళ్లు బాధపడటం అన్యాయం కాదా సార్?

ఇంకో సంగతి. ఈసీజీలో క్యూటీ అనే వ్యవధి, అంటే గుండె ఒకసారి కొట్టుకుని దాని కరెంటు మళ్లీ సర్దుకోవడానికి పట్టే సమయం, ఆడవాళ్లకు సహజంగానే ఎక్కువ. 1920లోనే బాజెట్ అనే శాస్త్రవేత్త దీన్ని గుర్తించారు. అందుకే కొన్ని యాంటీబయాటిక్స్, మానసిక జబ్బుల మందులతో గుండె లయ ప్రాణం మీదికి వచ్చేలా తప్పే ముప్పు వాళ్లకే ఎక్కువ. మందు రాసే ముందు ఆ క్యూటీ ఒకసారి చూడాలి.

దడ అని వచ్చిన మనిషికి చీటీ, లైను అనకుండా ముందు ఈసీజీ తీయించండి. దడ ఆగిపోయాక వస్తే 24 గంటల హోల్టర్, అంటే ఒంటికి తగిలించి రోజంతా ఈసీజీ తీసే చిన్న మిషన్, పెట్టాలి. ఆ మిషన్ ఏరియా ఆసుపత్రిలోనే ఉండాలి, కూలి పోగొట్టుకుని పట్నం రాలేరు. ఆశా, ఏఎన్ఎంలకు ఒక్క ప్రశ్న నేర్పండి: "ఠక్కున మొదలై ఠక్కున ఆగుతుందా?" పత్తి ఏరే సీజన్ మొదలయ్యేలోపు ఉత్తర్వులు ఇవ్వాలని కోరుతున్నాను.