కారం ప్రొటీన్ లెక్క కాదు, పప్పు కావాలి

మన దేశంలో ఒక్కో మనిషికి రోజూ అందే ప్రొటీన్ లెక్కలో మిరపకాయలనూ కలుపుతున్నారు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ప్రచురించే ఆహార పట్టికల్లో మిరప, మిరియాల వంటి దినుసులకు విడిగా వరుసలే ఉంటాయి. సరఫరా పెరిగితే ఆ అంకె పెరుగుతుంది, కంచంలో పోషణ మాత్రం పెరగదు. వంద గ్రాముల ఎండు కారంలో 12 గ్రాములకు పైగా ప్రొటీన్ ఉన్నా, రోజుకు పది గ్రాముల కారం తినేవారికి దక్కేది గ్రాము పైచిలుకే. అరవై కిలోల మనిషికి దాదాపు 50 గ్రాములు కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. కర్నూలు వైపు నుంచి గుంటూరు మిరప కోతలకు వచ్చే కూలీల క్యారియర్లు చూస్తుంటాను. అన్నం, పచ్చడి, పలచని మజ్జిగ, పప్పు ఎప్పుడో ఒకసారి. దేశానికి కారం పండించే చేతులకు ఈ తిండి అన్యాయం. 2013 ఆహార భద్రత చట్టం రేషన్‌లో బియ్యం, గోధుమలు, చిరుధాన్యాలకే హామీ ఇచ్చింది. తమిళనాడు రేషన్‌లో కందిపప్పు కిలో 30 రూపాయలకు ఇస్తోంది. మన ప్రభుత్వాలూ కార్డుకు నెలకు రెండు కిలోల కందిపప్పును హక్కుగా ఇవ్వాలి, వలస కూలీలు పనిచేసే ఊళ్లోనే అది తీసుకునే వీలుండాలి.