బోర్డు పాతితే బాధ్యత తీరిపోతుందా?

గౌరవనీయులైన సంపాదకులకు,

విశాఖ తీరంలో ఎవరైనా సముద్ర స్నానానికి దిగి కొట్టుకుపోయినప్పుడల్లా మన పత్రికల జిల్లా పేజీల్లో వచ్చే వార్తకు చివరి పేరా దాదాపు ఒకేలా ఉంటుంది. హెచ్చరిక బోర్డులు లేవనీ, గస్తీ చాలదనీ, అధికారులు నిద్రపోతున్నారనీ, నిబంధనలను మరింత కఠినం చేయాలనీ అందులో రాస్తారు. అధికారులు కూడా దానికి తగ్గట్టే స్పందిస్తారు. ఇంకో బోర్డు పాతుతారు, కొన్నాళ్లు నీళ్లలోకి దిగినవారిని ఈలలు వేసి వెనక్కి పిలుస్తారు, ఆ తర్వాత ఇటు మనమూ అటు వారూ మరిచిపోతాం. అధికారుల తప్పు ఏమీ ఉండదని నేననను. కానీ ఆర్‌.కె. బీచ్ దగ్గర ఒడ్డుకు చేరిన నీటిని ఒక ఇరుకు దారిన వేగంగా లోపలికి లాక్కుపోయే రిప్ కరెంట్లు ఉంటాయనీ, ఆ లాగుడులో చిక్కినవాడు ఒడ్డుకేసి ఎదురీదకుండా తీరం వెంబడి పక్కకు ఈది బయటపడాలనీ ఈ ఊళ్లో పుట్టి పెరిగిన పిల్లలకు ఇంట్లోనైనా బడిలోనైనా ఎందరు చెబుతున్నారు? జాలరిపేటలో పిల్లలకు సముద్రం సంగతి పెద్దలే నేర్పుతారు. మిగతా పేటల్లో ఆ పనిని మనం పోలీసులకు వదిలేశాం.

నా అభ్యంతరం ఈ వదిలేయడం మీదే. ప్రభుత్వం చీటికీమాటికీ నిబంధన పెట్టడమూ, మనం చీటికీమాటికీ నిబంధన కావాలని అడగడమూ ఒకదానినొకటి పెంచుకుంటూ పోతున్నాయి. అమలు చేసే సిబ్బందీ ఉద్దేశమూ లేకుండా పెట్టిన నిబంధన వల్ల అధికారికి ‘ఉత్తర్వులు ఇచ్చాం కదా’ అని చెప్పుకునే వీలు దొరుకుతుంది, పౌరుడికి ‘పట్టుకున్నప్పుడు చూద్దాంలే’ అనే ధీమా వస్తుంది, జరగరానిది జరిగిన రోజున మాత్రం జవాబు చెప్పేవాడు ఇద్దరిలో ఒక్కడూ కనిపించడు.

మన గుమ్మంలో ఉండే చెత్త సంగతే చూడండి. తడి చెత్త, పొడి చెత్త, ఇళ్లలో వచ్చే ప్రమాదకరమైన చెత్త, ఈ మూడింటినీ విడదీసి ఇవ్వాల్సింది ఇంటివారేనని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు స్పష్టంగానే చెప్పాయి. 2021లో రాష్ట్ర ప్రభుత్వం ‘క్లాప్’ కార్యక్రమం కింద నగరాల్లో ఇళ్లకు ఆకుపచ్చ, నీలం, ఎరుపు డబ్బాలు పంచి, చెత్త తీసుకెళ్లినందుకు నెలవారీ రుసుము కూడా పెట్టింది. జనం ‘చెత్త పన్ను’ అని తిట్టుకున్న ఆ రుసుమును 2024 చివర్లో రద్దు చేశారు. అది న్యాయమా కాదా అన్న చర్చ ఇక్కడ అప్రస్తుతం. డబ్బాల గతి ఏమైందో తెలియాలంటే సీతమ్మధారలో మా వీధిలో ఏ మేడ మెట్లు ఎక్కినా చాలు. ఆకుపచ్చ డబ్బాలో కరివేపాకు మొక్క పెరుగుతూ ఉంటుంది, నీలం డబ్బాలో కొళాయి రాని పూటకు పట్టి ఉంచుకున్న నీళ్లు ఉంటాయి, ఎర్ర డబ్బాలో బట్టలకు పెట్టే క్లిప్పులు ఉంటాయి. చెత్త మాత్రం అంతా కలిపి ఒకే పాలిథిన్ సంచిలో కుక్కి, ముడేసి, గేటు పక్కన పడేస్తారు. ఆ ముడి విప్పేది పారిశుధ్య కార్మికురాలు. బండి పక్కన నిలబడి, చిరిగిన చేతి తొడుగుతోనే, పులిసిన సాంబారు అన్నంలోంచి పగిలిన గ్లాసు ముక్కనూ పసిపిల్లల డైపరునూ ఏరి వేరువేరు గోతాల్లో వేస్తూ ఉంటుంది. రుసుము ఉన్న రోజుల్లో ‘డబ్బులు కడుతున్నాం, వాళ్లే వేరు చేసుకుంటారు’ అన్న పెద్దమనుషులే రుసుము పోయాక ‘అది కార్పొరేషన్ పని’ అంటున్నారు. చెత్త కలిపి ఇచ్చినందుకు మా వీధిలో ఏ ఇంటికైనా జరిమానా పడినట్టు నేను వినలేదు. నిబంధన పుస్తకంలో భద్రంగా ఉంది, గాజు ముక్క ఆవిడ చేతికి గుచ్చుకుంటూనే ఉంది.

ఇళ్ల నిర్మాణంలో ఈ జబ్బు ఇంకా ముదిరింది. చుట్టూ ఎంత ఖాళీ వదలాలి, ఎన్ని అంతస్తులు వేయాలి, సెల్లారును దేనికి వాడాలి, మెట్ల వెడల్పు ఎంత ఉండాలి, అన్నింటికీ లెక్కలున్నాయి. 2017లో రాష్ట్రం భవన నిర్మాణ నియమావళిని కొత్తగా రాసుకుంది కూడా. మరోవైపు, ప్లానుకు విరుద్ధంగా కట్టినవాటిని రుసుము కట్టించుకుని క్రమబద్ధీకరించే బీపీఎస్ పథకాన్ని ఉమ్మడి రాష్ట్రంలో 2007 ఆఖర్లో ఒకసారి, విభజన అయ్యాక 2015లో ఒకసారి, 2019లో మరోసారి ప్రకటించారు. ప్రతిసారీ ఇదే ఆఖరి అవకాశమనే మాట వినిపిస్తుంది, ఆ మాటను నమ్మేవాడు మాత్రం ఊళ్లో ఒక్కడూ లేడు. ‘ముందు స్లాబు వేసెయ్యండి, తర్వాత బీపీఎస్‌లో పెట్టుకుందాం’ అని బిల్డరు భరోసా ఇస్తాడు, మేస్త్రీ తలూపుతాడు, స్థల యజమాని సరేనంటాడు. ఫ్లాటు కొనేవారు ఈశాన్యం మూల సరిగా ఉందో లేదో చూపించుకోవడానికి సిద్ధాంతిగారిని వెంటబెట్టుకుని వెళతారు గానీ, మంజూరైన ప్లాను కాపీ చూపించమని అడగరు. నిబంధన ప్రకారం కట్టి ఒక గది పోగొట్టుకున్నవాడు ఆ వీధిలో చేతకానివాడిగా మిగిలిపోతాడు. నిబంధనలు ఇంకా కఠినం చేస్తే ఇది ఆగుతుందని ఎవరైనా అంటే నవ్వొస్తుంది, ఎందుకంటే నిబంధన ఎంత కఠినమైతే దాన్ని దాటడానికి చెల్లించే ధర అంత పెరుగుతుంది తప్ప కట్టే గోడ ఒక్క అడుగు కూడా వెనక్కి జరగదు.

ఇదంతా చదివి, అయితే నియంత్రణే వద్దంటారా అని ఎవరైనా అడగవచ్చు. ఆర్‌.ఆర్‌. వెంకటాపురం గల ఊళ్లో ఉంటూ అలా అనగలిగేవాడు ఉండడు. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి వెలువడిన స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి నిద్రలో ఉన్న జనాన్ని కమ్మేసి 12 మంది ప్రాణాలు తీసింది. పక్కింటి ట్యాంకులో ఉష్ణోగ్రత ఎంతకు పెరిగిందో ఆ గ్రామస్థులు తెలుసుకునే మార్గం లేదు, కాబట్టి అక్కడ వ్యక్తిగత బాధ్యత అనే మాటకు చోటే లేదు, తనిఖీ బాధ్యత పూర్తిగా ప్రభుత్వానిదే. కానీ అక్కడ కూడా లోటు చట్టాలకు రాలేదు. కర్మాగారాల చట్టం ఉంది, కాలుష్య నియంత్రణ మండలి ఉంది, పర్యావరణ అనుమతుల విధానం ఉంది. తమకు చెల్లుబాటయ్యే పర్యావరణ అనుమతి లేదని ఆ సంస్థే 2019లో ప్రమాణపత్రంలో ఒప్పుకున్నా ఫ్యాక్టరీ నడుస్తూనే వచ్చింది. ప్రమాదం జరిగాక రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ ఎత్తిచూపిన లోపాల్లో, జనాన్ని లేపాల్సిన సైరన్‌ను మోగించకపోవడం కూడా ఒకటి. సైరన్ పెట్టాలన్నది నిబంధన, సైరన్ ఉంది కూడా. దాన్ని నొక్కాల్సిన చెయ్యే కదల్లేదు.

బీచ్ రోడ్డులో మిరపకాయ బజ్జీల బండి పెట్టుకున్నవాడి దగ్గర ఆహార భద్రత రిజిస్ట్రేషన్ ఉందా, వీధి వ్యాపారి గుర్తింపు కార్డు ఉందా అని ఆరా తీయడానికి ఖాకీ చొక్కావారికీ తెల్ల చొక్కావారికీ తీరిక దొరుకుతుంది, ఎందుకంటే బండివాడు ఎదురుతిరగలేడు, అతని దగ్గర రోజువారీ ఎంతో కొంత రాలుతుంది. తనిఖీ చేసేవారి సమయమూ శ్రద్ధా పరిమితమైనవి. వాటిని బజ్జీల బండ్ల మీద ఖర్చు చేసేస్తే స్టైరీన్ ట్యాంకుల దగ్గరకు వెళ్లేసరికి ఏమీ మిగలదు. అతి నియంత్రణ వల్ల జరిగే అసలు నష్టం నా దృష్టిలో ఇదే.

ఈ వాదన మనకు కొత్తదేమీ కాదు. ‘పర్మిట్-లైసెన్స్-కోటా రాజ్’ అని రాజాజీ ఎద్దేవా చేసిన వ్యవస్థను ఎదిరించడానికి 1959లో స్వతంత్ర పార్టీ పుట్టినప్పుడు, దానికి తొలి అధ్యక్షుడు మన నిడుబ్రోలు ఎన్‌.జి. రంగా. ఇంట్లో రేడియో ఉన్నందుకు ఏటా పోస్టాఫీసులో డబ్బు కట్టి లైసెన్సు పుస్తకంలో ముద్ర వేయించుకున్న తరం ఇంకా మన మధ్య ఉంది. 1968 నాటి బంగారం నియంత్రణ చట్టం స్వర్ణకారుల పొట్ట కొట్టిందే గానీ బంగారం మీద మన మోజును తులమంత కూడా తగ్గించలేక 1990లో రద్దయింది. 2023లో పార్లమెంటు జన్ విశ్వాస్ చట్టంతో 42 చట్టాల్లోని 183 నిబంధనలను సవరించి, చిన్నచిన్న తప్పులకు జైలు శిక్షలను చాలావరకు తీసేసింది. అటువైపు నుంచి కొంత దిద్దుబాటు మొదలైందన్నమాట. మన వైపు నుంచి మాత్రం ఏమీ మొదలు కాలేదు.

మనం ఏం పోగొట్టుకున్నామో చెప్పడానికి సారా ఉద్యమం కంటే మంచి ఉదాహరణ నాకు తోచడం లేదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మా ఆమె తోటి ఆడవాళ్లూ తమ ఊరి సారా దుకాణాన్ని తామే మూయించారు. అక్కడ రాజుకున్నది 1992కల్లా రాష్ట్రమంతా పాకి, 1993లో సారా నిషేధానికీ, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధానికీ దారితీసింది. దుకాణం ముందు ఆడవాళ్లు కాపలా ఉన్నంతకాలం ఆ ఊళ్లో తాగివచ్చిన మొగుడు వాళ్లకు జవాబు చెప్పుకోవాల్సి వచ్చేది. ఆ కాపలా ఎక్సైజు శాఖ చేతికి పోయాక దొంగ సారా, సరిహద్దు దాటి వచ్చే సీసాలు, మామూళ్లు మొదలయ్యాయి, 1997లో నిషేధమే ఎత్తేయాల్సి వచ్చింది. ఖజానాకు పడిన గండి కూడా అందుకు కారణమేనని నాకు తెలుసు. అయినా ఊరి ఆడవాళ్లు గెలిచిన పోరు ఒక శాఖకు అప్పగించగానే ఓడిపోయిందన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

విశాఖలోనే ఇంకొకటి చూశాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నగరాన్ని ఊడ్చేసిన మర్నాడు వీధుల్లో అడ్డంగా పడిన చెట్లను కోసి దారి చేసిందెవరు? కత్తీ, రంపమూ, కొబ్బరి తాడూ దొరికిన ప్రతివాడూ. మామూలు రోజుల్లో చెట్టు కొట్టాలంటే 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి కావాలి. ఆ రోజు అనుమతి ఎవరూ అడగలేదు, అడిగేందుకు ఫోనూ కరెంటూ లేవు. కార్పొరేషన్ సిబ్బంది, విపత్తు దళాలు చేసిన సేవను తక్కువ చేయను, కానీ వారు మా సందులోకి వచ్చేసరికి మా సందు తెరుచుకుని ఉంది. వాల్టా చట్టం మంచిదే, ఉండాల్సిందే. కూలిన వేపచెట్టును ఎలా జరపాలో తెలిసిన మనుషులు మామూలు రోజుల్లో కాలువలో ప్లాస్టిక్ సంచి అడ్డుపడితే వార్డు సచివాలయానికి ఫోటో పంపి ఎందుకు ఊరుకుంటున్నారో మాత్రం నాకు అంతుబట్టదు.

హెల్మెట్ విషయంలో నా మనసు అటూ ఇటూ ఊగుతుంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత హెల్మెట్ లేకపోతే జరిమానా రూ.1000, మూడు నెలలు లైసెన్సు రద్దు. నా తల నా ఇష్టం అనేవాడి మాటలో కొంత బలం ఉన్నా, పగిలిన ఆ తలకు ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో వైద్యం చేసేది అందరి డబ్బుతోనే కాబట్టి ఆ జరిమానాను నేను తప్పుపట్టలేను. మద్దిలపాలెం కూడలిలో కానిస్టేబుల్ కనబడగానే ట్యాంకు మీద నుంచి తల మీదకు ఎక్కి, కూడలి దాటగానే మళ్లీ ట్యాంకు మీదకు దిగే హెల్మెట్లను చూస్తే మాత్రం, ఆ వెయ్యి రూపాయలు మనకు భయాన్ని నేర్పినంతగా బుద్ధిని నేర్పలేదని అనిపిస్తుంది.

కాబట్టి నగరపాలక సంస్థకు మీ పత్రిక ద్వారా నాదొక విన్నపం. కౌన్సిల్ ఏ కొత్త జరిమానానైనా, కొత్త అనుమతినైనా తీర్మానించే ముందు, ఇప్పటికే ఉన్నవాటిలో ఒక్కోదాని కింద గత మూడేళ్లలో 98 వార్డుల్లో ఎన్ని కేసులు పెట్టారో, ఎంత వసూలైందో వార్డులవారీగా సభ ముందు ఉంచాలి. ఒక్క కేసు కూడా లేని నిబంధనను కొట్టివేయాలి, లేదా దాన్ని అమలు చేసే అధికారి పేరు, ఫోన్ నంబరు బయటపెట్టాలి. కొట్టేసినవాటిని అపార్టుమెంటు సంఘాలకూ కాలనీ సంఘాలకూ బాహాటంగా వదిలేసి, మీ గేటు ముందు చెత్తకు మీదే పూచీ అని రాసి ఇవ్వాలి. అధికారులు ఆ లెక్క తమంతట తాము చెప్పరు కాబట్టి, సమాచార హక్కు చట్టం కింద మీ విలేకరులే అడిగి వార్డులవారీగా ప్రచురించాలని కోరుతున్నాను. మా సీతమ్మధార వార్డుతో మొదలుపెట్టినా మాకు అభ్యంతరం లేదు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
సీతమ్మధార, విశాఖపట్నం