ఫోర్డ్ ఫ్యాక్టరీ టూర్ లేదు సరే, మరి పిల్లలకు ఏం చూపిద్దాం?

తల్లిదండ్రులకు నమస్కారం.

"మా రోజుల్లో బడి వాళ్లు కార్ల ఫ్యాక్టరీకి తీసుకెళ్లేవారు, ఇప్పుడెందుకు తీసుకెళ్లరు?" పేరెంట్స్ మీటింగ్‌లో ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. చెన్నై వైపు మీరు చూసిన ఫ్యాక్టరీల్లో కొన్ని ఇప్పుడు లేవు. వండలూరు దగ్గర హెరాల్డ్, గజెల్ కార్లు చేసిన స్టాండర్డ్ మోటార్స్ 1980ల చివర్లోనే ఆగిపోయింది. తిరువళ్లూరులో హిందుస్థాన్ మోటార్స్ 1998 నుంచి మిత్సుబిషి లాన్సర్ చేసింది. ఇప్పుడు అక్కడ సిట్రోయెన్ కార్లు తయారవుతున్నాయి. 1999లో ఐకాన్ కారుతో పేరు తెచ్చుకున్న మరైమలైనగర్ ఫోర్డ్ ప్లాంటు మూతను 2021 సెప్టెంబరులో ప్రకటించారు. 2022లో చివరి ఎకోస్పోర్ట్ కారు బయటికొచ్చింది. మళ్లీ వస్తామంటూ 2024లో ఫోర్డ్ తమిళనాడు ప్రభుత్వానికి లేఖ ఇచ్చింది కానీ, మన పిల్లలు బడి దాటేలోపు అక్కడ కారు లైను చూస్తారని నమ్మకంగా చెప్పలేం.

టూరు అనగానే అందరికీ నిప్పురవ్వలు చిమ్మే రోబోలే గుర్తొస్తాయి. నిజానికి నేర్చుకునేది అక్కడ తక్కువ, ట్రిమ్ లైన్‌లో, అంటే కారు లోపలి సామాన్లు బిగించే వరసలో ఎక్కువ. రంగు వేసిన బాడీ అక్కడికి రాగానే ముందు తలుపులు ఊడదీస్తారు. "బిగించినవి మళ్లీ ఎందుకు తీస్తున్నారు?" అని పిల్లలు అడిగి తీరతారు. రంగు తేడా రాకూడదని బాడీతో కలిపి పెయింట్ చేస్తారు. ఆ తర్వాత డ్యాష్‌బోర్డు, సీట్లు లోపలికి ఎక్కించాలంటే తలుపులు అడ్డం, పైగా గీతలు పడతాయి. వేరే లైన్‌లో అద్దం, లాక్ బిగించుకుని చివర్లో ఏ కారు తలుపు ఆ కారుకే చేరాలి. వరస ఒక్కటి తప్పితే తెల్ల కారు ముందుకు ఎర్ర తలుపు వస్తుంది.

లెక్కల మాస్టార్లకు కూడా ఇక్కడ పని ఉంది. నడిచిన రోజుల్లో ఫోర్డ్ చెన్నై ప్లాంటు సామర్థ్యం ఏడాదికి 2 లక్షల కార్లు. 300 పనిదినాలు, రోజుకు ఎనిమిది గంటల షిఫ్టులు రెండు అనుకుంటే రోజుకు దాదాపు 667 కార్లు, అంటే 86 సెకన్లకు ఒకటి. ఒక్కో మనిషి పని ఆలోపే అయిపోవాలి. వైర్లను కలిపే ప్లగ్గు, అంటే వైరింగ్ కనెక్టర్‌నే తీసుకోండి: నొక్కాలి, క్లిక్‌మని వినాలి, ఒకసారి వెనక్కి లాగి చూడాలి. సగమే కూర్చుంటే ఫ్యాక్టరీలో లైటు వెలుగుతుంది, గుంతల రోడ్డెక్కాక ఆరిపోతుంది.

ఈ నెల 8, 9 తరగతుల్లో ఇదే పని బాల్‌పెన్నులతో చేయిస్తున్నాం. ఐదుగురు వరసగా కూర్చుంటారు: కింది గొట్టం, స్ప్రింగు, రీఫిల్, పై గొట్టం, ఆఖరివాడిది పరీక్ష. నలభై పెన్నులు. ఒకరు నెమ్మదిస్తే ఆ పిల్లవాడి ముందు కుప్ప పడుతుంది, పక్కవాడు చేతులు కట్టుకుని కూర్చుంటాడు. స్ప్రింగు మరిచిపోతే రెండు చేతులు దాటి పరీక్ష దగ్గర గానీ బయటపడదు, అప్పుడు అన్నీ విప్పాలి. ఇంట్లో పాత పెన్నులుంటే పంపండి, ఇంకు అయిపోయినవైనా ఫర్వాలేదు.

దగ్గరలో నడుస్తున్న ఒక వాహన ఫ్యాక్టరీకి అనుమతి కోసం దరఖాస్తు పెట్టాం. జవాబు రాగానే తేదీ చెబుతాం. భోజన విరామంలో లైను ఆగిపోతుంది, అప్పుడు వెళితే నిలబడ్డ కార్లే కనబడతాయి. అందుకే విరామ వేళలు ముందే అడిగాం. రేకును నొక్కి బాడీ భాగాలు చేసే ప్రెస్ షాప్‌లో చప్పుడుకు గైడు మాట వినబడదు కాబట్టి అక్కడేం జరుగుతుందో తరగతిలోనే చెప్పి తీసుకెళతాం. పదిమందికి ఒక టీచరు ఉంటారు.

మీరు చూసుకోవాల్సినవి: ముందు భాగం మూసిన బూట్లు, నిండు చేతుల నూలు బట్టలు. గాజులు, వాచీ, లోహపు బకిల్ ఉన్న బెల్టు వద్దు, రంగుకు గీత పడుతుంది. జడ పైకి కట్టి పంపండి. సిలికాన్ ఉన్న హెయిర్ సీరమ్, క్రీము ఆ రోజు పూయకండి. పెయింట్ దగ్గర దాని అణువంత చేరినా పూత చిన్న చిన్న గుంటలు పడుతుంది. ఫోన్లు బస్సులోనే ఉంటాయి.

అంగీకార పత్రం ఈ లేఖ వెనకవైపు ఉంది. ఉబ్బసం గానీ, పెద్ద శబ్దాలకు భయం గానీ ఉంటే దాని మీదే రాసి శుక్రవారంలోగా క్లాస్ టీచరుకు ఇవ్వండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయులు