ఆ నోటీసు బోర్డు తీసేయండి: కేంద్ర న్యాయశాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర న్యాయశాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

1954 నాటి ప్రత్యేక వివాహ చట్టాన్ని సవరించమని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. ఆ చట్టం కింద పెళ్లి చేసుకోబోయేవారి పేర్లు, చిరునామాలు నెల రోజుల పాటు గోడకు అంటించి, అభ్యంతరం ఉన్నవాళ్లెవరైనా రండని పిలిచే పద్ధతిని పూర్తిగా ఎత్తేయాలి. నేను కోస్తా జిల్లాల్లో కుటుంబ కేసులు చూసే న్యాయవాదిని. ఈ చట్టం పుస్తకంలో ఎంత ఉదారంగా కనిపిస్తుందో, సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో ఎంత భయం పుట్టిస్తుందో, రెండూ దగ్గర నుంచి చూస్తున్నదాన్ని.

మన దేశంలో పెళ్లి అనగానే చట్టం ముందు మతం అడుగుతుంది. హిందువులు, బౌద్ధులు, సిక్కులు, జైనులకు 1955 చట్టం. క్రైస్తవులకు 1872 చట్టం. పార్సీలకు 1936 చట్టం. ముస్లింలకు 1937 షరియత్ చట్టం గుర్తించిన నియమాలు. ఎవరి ఆచారం ప్రకారం వాళ్లు పెళ్లి చేసుకోవడంలో నాకే అభ్యంతరమూ లేదు. మా పెళ్లి జీలకర్ర బెల్లంతోనే జరిగింది, ఆ రోజు చదివిన మంత్రాల్లో కొన్ని ఇప్పటికీ నాకు ఇష్టం. కానీ ఇద్దరివీ వేర్వేరు మతాలైనా, ఏ మతం చేతా పెళ్లి చేయించుకోవడం ఇష్టం లేకపోయినా చాలామందికి ఉన్న తలుపు ఒక్కటే: ప్రత్యేక వివాహ చట్టం. జనం నోట్లో రిజిస్టర్ మ్యారేజీ. ఆ ఒక్క తలుపు ముందే ప్రభుత్వం నెల రోజుల కాపలా పెట్టింది.

తేడా ఎంత ఉందో చూడండి. కల్యాణమండపంలో తెల్లవారుజామున ముహూర్తానికి తాళి కట్టి సప్తపది నడిస్తే పెళ్లి అయిపోయినట్టే. నిఖాలో మెహర్ నిర్ణయించి, సాక్షుల ఎదుట ఇద్దరూ ఖబూల్ అంటే ఆ కూర్చున్న చోటే పెళ్లి అయిపోతుంది. చర్చిలో ముందుగా ప్రకటన చదువుతారు, నిజమే. అయితే అది చదివేది వాళ్లు కోరి వెళ్లిన సంఘంలో, తెలిసిన మనుషుల మధ్య. రిజిస్టర్ మ్యారేజీకి వచ్చిన జంట మాత్రం ముందు ఇద్దరిలో ఒకరైనా ఆ జిల్లాలో 30 రోజులుగా ఉంటున్నట్టు చూపించాలి. తర్వాత నోటీసు ఇవ్వాలి. అందులో పేరు, వయసు, వృత్తి, ఉంటున్న చోటు, శాశ్వత చిరునామా, పెళ్లి కానివారా, విడాకులు తీసుకున్నవారా అన్నీ ఉంటాయి. 6వ సెక్షను ప్రకారం ఆ వివరాలు ఎక్కించిన రిజిస్టరును ఎవరైనా, ఒక్క రూపాయి రుసుము కట్టకుండా తిరగేసి చూడవచ్చు. నోటీసు ప్రతిని అందరికీ కనిపించేలా ఆఫీసులో అంటించాలి. అక్కడి నుంచి 30 రోజులు ఎదురుచూపులు.

ఆ నోటీసు బోర్డు ఎలా ఉంటుందో మీ శాఖలో చాలామంది చూసి ఉండరు. ఒక ఆఫీసులో నేను చూసింది చెబుతాను. తాళం ఊడిపోయిన అద్దాల పెట్టె. అందులో స్టాంపు డ్యూటీ సర్క్యులరు, భూముల మార్కెట్ విలువల పట్టిక, వాటి పక్కన ఓ అమ్మాయి, ఓ అబ్బాయి పాస్‌పోర్టు సైజు ఫొటోలు. పొలం రిజిస్ట్రేషనుకు వచ్చినవాళ్లు తమ వంతు కోసం ఎదురుచూస్తూ, ఊసుపోక ఆ పేర్లు పైకి చదువుతున్నారు. ఇంటిపేరు చదవగానే కులం తెలిసిపోయింది, పేరు చదవగానే మతం తెలిసిపోయింది. ఒకాయన ఫోన్ తీసి ఫొటో కొట్టుకున్నాడు. ఎందుకండీ అని అడిగితే, మా ఊరివాళ్లలాగా ఉన్నారు, గ్రూపులో పెడదామని అన్నాడు. ఆయన ముఖంలో కోపమేమీ లేదు, నలుగురికీ తెలియాల్సిన కబురు దొరికిందనుకున్నాడు అంతే.

అదే 6వ సెక్షనులో ఇంతకంటే ప్రమాదకరమైన ముక్క ఒకటుంది. పెళ్లి చేసుకునేవారి శాశ్వత నివాసం వేరే జిల్లాలో ఉంటే, నోటీసు ప్రతిని అక్కడి వివాహాధికారికి పంపాలి, ఆయనా దాన్ని తన ఆఫీసులో అంటించాలి. అంటే ఇంట్లో ఒప్పుకోరని తెలిసి హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉద్యోగం చేసుకుంటూ అక్కడే నోటీసు ఇచ్చినా, ఆ కాగితం ప్రభుత్వ ఖర్చుతో సొంత ఊరికే వెళ్తుంది. నా దగ్గరకు వచ్చిన ఒక జంట విషయంలో జరిగింది అదే. అమ్మాయి నర్సు, అబ్బాయి ల్యాబ్ టెక్నీషియన్, మతాలు వేరు, ఇద్దరూ పాతికేళ్లు దాటినవాళ్లు. నోటీసు ఊరికి చేరిన వారం లోపే అమ్మాయి బాబాయి కారేసుకుని హాస్టల్ ముందు దిగాడు. నాన్నకు గుండెనొప్పి అన్నారు, ఎక్కించుకుని వెళ్లారు. నెల గడువు దాటింది, ఆమె రాలేదు. మూడు నెలలలోపు పెళ్లి జరగకపోతే ఆ నోటీసు చెల్లదని చట్టం చెబుతుంది కాబట్టి అదీ మురిగిపోయింది. ఆమె ఉద్యోగం మానేసిందని తర్వాత ఎవరో చెప్పారు. మానేసిందో, మాన్పించారో.

ఈ 30 రోజులకు భయపడి జంటలు ఎటు పరుగెడుతున్నాయో మీకు తెలియనిది కాదు. ఆర్యసమాజ్ మందిరానికి వెళ్తారు, లేదంటే ఖాజీ దగ్గరకు. అక్కడ పని ఒక్క పూటలో అయిపోతుంది. కానీ ఇద్దరిలో ఒకరు మతం మారాలి. దేవుడి మీద నమ్మకంతో మారరు, సర్టిఫికెట్ కోసం మారతారు. అలా మారడం ఆ మతానికీ గౌరవం కాదు, వదిలిన మతానికీ గౌరవం కాదు, ఆ మనిషికి అసలే కాదు. మరోవైపు పెళ్లి కోసం మతం మారడం నేరమంటూ కొన్ని రాష్ట్రాలు చట్టాలు తెచ్చాయి. ఉత్తరప్రదేశ్ 2021 చట్టం ప్రకారం మతం మారాలంటే 60 రోజుల ముందు జిల్లా మేజిస్ట్రేటుకు చెప్పుకోవాలి. మారకుండా పెళ్లి చేసుకోవాలంటే గోడ మీద నోటీసు, మారి చేసుకోవాలంటే కేసు భయం. పెళ్లి కోసం ఎవరూ మతం మారకూడదన్నది నిజంగా ప్రభుత్వ ఉద్దేశమైతే, మారకుండా పెళ్లి చేసుకునే దారిని అన్నిటికంటే సులువు చేయాలి కదా! ఇప్పుడున్నది దానికి సరిగ్గా తలకిందులు.

2022 మే 4న హైదరాబాద్ సరూర్‌నగర్‌లో నడిరోడ్డు మీద ఒక దళిత యువకుణ్ని భార్య కళ్లెదుటే చంపేశారు. ఆమె ముస్లిం. దాడి చేసింది ఆమె సొంత అన్న. పెళ్లయి కొన్ని నెలలే. 2018లో మిర్యాలగూడలో గర్భవతి అయిన భార్య పక్కన నడుస్తున్న యువకుణ్ని నరికి చంపారు. అక్కడ కులాలు వేరు. ఈ రెండు హత్యలకూ ప్రత్యేక వివాహ చట్టం నోటీసు కారణమని నేననడం లేదు. ఇంత కోపం వీధుల్లో తిరుగుతున్న సమాజంలో ఎవరు, ఎక్కడ, ఎప్పుడు పెళ్లి చేసుకోబోతున్నారో ప్రభుత్వమే ముందుగా చాటింపు వేయడం ఏం న్యాయమని మాత్రం అడుగుతున్నాను.

ఈ నిబంధన ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే ఇంకా బాధేస్తుంది. దీని మూలం కేశవ చంద్ర సేన్ వంటి బ్రహ్మసమాజ నాయకుల పోరాటంతో వచ్చిన 1872 నాటి మరో చట్టంలో, అంటే పాత ప్రత్యేక వివాహ చట్టంలో ఉంది. ఆ చట్టం కింద పెళ్లి చేసుకోవాలంటే ఇద్దరూ తాము హిందువులం కాము, ముస్లింలం కాము, క్రైస్తవులం కాము అంటూ రాసివ్వాలి. 1923లో హరిసింగ్ గౌర్ చొరవతో వచ్చిన సవరణ హిందువులు, బౌద్ధులు, సిక్కులు, జైనులకు ఆ బాధ తప్పించింది. 1954లో స్వతంత్ర భారత పార్లమెంటు, ఎవరి మతం వాళ్లదిగా ఉంచుకుంటూనే ఎవరైనా ఎవరినైనా పెళ్లి చేసుకోవచ్చని చెప్పింది. అంత పెద్ద అడుగు వేసి కూడా వలసపాలన నాటి నోటీసును వదిలించుకోలేకపోయింది.

ఇంకో అవశేషం 19వ సెక్షను. ఆస్తి పంచుకోని అవిభక్త హిందూ కుటుంబంలోని వ్యక్తి ఈ చట్టం కింద వేరే మతస్థురాలిని పెళ్లాడితే, ఆ క్షణమే కుటుంబం నుంచి వేరుపడినట్టు చట్టం తేల్చేస్తుంది. 1976లో చేర్చిన 21ఎ సెక్షను, ఇద్దరూ హిందువులైతే ఇది వర్తించదని చెప్పింది. ఆస్తిలో వాటా పోదు, అది నిజం. కానీ తల్లిదండ్రులు కోడలిని మనస్ఫూర్తిగా ఇంట్లోకి పిలుచుకున్నా సరే, చట్టం మాత్రం కొడుకును వేరు పెట్టేస్తుంది. దీనివల్ల ఎవరికి మేలు?

నోటీసు తీసేస్తే మోసాలు పెరుగుతాయని మీ అధికారులు చెబుతారు. మొదటి పెళ్లి దాచి రెండోది చేసుకుంటారు, మైనర్లను తీసుకొస్తారు అని. ఆ భయాలు అబద్ధం కాదు. నా కేసుల్లో సగం అలాంటి మోసాల చుట్టూ తిరిగేవే. కానీ ఆ మోసాల్లో ఎక్కువ భాగం నోటీసు అవసరం లేని పెళ్లిళ్లలో జరిగినవి. గుడిలో దండలు మార్చుకున్నవాళ్లకు ఏ ఆఫీసూ 30 రోజులు ఆగమనలేదు. మొదటి భార్యో భర్తో ఉండగా మళ్లీ పెళ్లి చేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షను ఉంది. వయసుకు పదో తరగతి సర్టిఫికెట్ ఉంది, ఆధార్ ఉంది, ప్రమాణపత్రం ఉంది, ముగ్గురు సాక్షులున్నారు. అవి చూడాల్సింది అధికారి. వరండాలో కూర్చున్న జనం కాదు. అభ్యంతరం వస్తే అధికారి 30 రోజుల్లోగా తేల్చాలి, సాక్షులను పిలిపించడానికి సివిల్ కోర్టు అధికారాలున్నాయి. ఆ అభ్యంతరం దురుద్దేశంతో వేసిందని తేలితే వేసినవాడు కట్టాల్సిన ఖర్చులు ఎంతో తెలుసా అండీ? వెయ్యి రూపాయలకు మించకూడదు. ఒక ఆడపిల్ల జీవితాన్ని రెండు నెలలు ఆపడానికి వెయ్యి రూపాయలు.

ఇంగ్లండులో కూడా 28 రోజుల నోటీసు ఉంది కదా అని ఎవరైనా అనవచ్చు. ఉంది. అక్కడ ఆంగ్లికన్ చర్చిలో పెళ్లికీ మూడు ఆదివారాలు ప్రకటన చదివే ఆచారం ఉంది. మతం లేని పెళ్లిని ఒక్కదాన్నే పక్కకు పిలిచి నిలబెట్టలేదు. అమెరికాలో మన తెలుగు పిల్లలు కౌంటీ ఆఫీసుకెళ్లి లైసెన్సు తెచ్చుకుంటారు. టెక్సస్‌లో 72 గంటలు ఆగాలి, న్యూయార్క్‌లో 24 గంటలు. తర్వాత గుడిలో చేసుకుంటారో, చర్చిలో చేసుకుంటారో, క్లర్కు ఎదుట సంతకం పెడతారో వాళ్ల ఇష్టం.

కోర్టులు ఈ దిశగా ఎప్పుడో కదిలాయి. నోటీసులను ఇళ్లకు పంపడం చెల్లదని 2009లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. 2021 జనవరి 12న అలహాబాద్ హైకోర్టు లక్నో బెంచి, నోటీసు ప్రచురించాలో వద్దో జంటే నిర్ణయించుకోవాలని తీర్పునిచ్చింది. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో, మేజరైన వ్యక్తి తనకు నచ్చినవారిని పెళ్లాడటం తన హక్కని 2018లో కేరళ యువతి హాదియా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇన్ని తీర్పుల తర్వాత కూడా లక్నోలో ఒక న్యాయం, గుంటూరులో ఒక న్యాయం ఎందుకుండాలి? పార్లమెంటు ఒక్క సవరణతో తేల్చాల్సిన పని ఇది.

ఇదే సందర్భంలో మరొక్క మాట. మా వైపు దండల పెళ్లి, ఆదర్శ వివాహం అంటారు. పురోహితుడు లేకుండా, స్నేహితుల మధ్య దండలు మార్చుకుని, నాలుగు మాటలు చెప్పుకుని ఒకటవుతారు. కమ్యూనిస్టు కుటుంబాల్లో, నాస్తిక కుటుంబాల్లో ఇవి దశాబ్దాలుగా జరుగుతున్నాయి. విజయవాడలో నాస్తిక కేంద్రం నడిపిన గోరా ఇంట ఈ సంప్రదాయం ఎప్పటి నుంచో ఉంది. తమిళనాడు 1967లో హిందూ వివాహ చట్టంలో 7ఎ సెక్షను చేర్చి ఇలాంటి పెళ్లిళ్లకు చట్టబద్ధత ఇచ్చింది. మన దగ్గర ఆ సెక్షను లేదు. తడ దాటి తమిళనాడులో అడుగుపెడితే చెల్లే పెళ్లి, ఇవతల చేసుకుంటే కోర్టులో చిక్కుల్లో పడుతుంది. ఆచారబద్ధమైన తంతు జరగనిది హిందూ వివాహమే కాదని 2024లో సుప్రీంకోర్టు చెప్పాక ఈ జంటల ఆందోళన ఇంకా పెరిగింది. 7ఎను దేశమంతటికీ వర్తింపజేయండి.

సమాజం ఇంకా సిద్ధంగా లేదంటారేమో. వితంతు వివాహానికి చట్టం 1856లో వచ్చింది. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు తొలి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. మధ్యలో పాతికేళ్లు. అప్పుడు కూడా సమాజం సిద్ధంగా లేదు, ఆయన్నీ ఆయనకు తోడు నిలిచినవాళ్లనూ వెలివేసింది. సమాజం సిద్ధమయ్యాకే చట్టం చేద్దామని అప్పటివాళ్లు ఆగి ఉంటే ఆ రోజు ఆ పెళ్లికి పట్టుకోవడానికి చట్టమనే ఆధారమే ఉండేది కాదు.

మీ ప్రభుత్వం ఉమ్మడి పౌరస్మృతి గురించి పదే పదే మాట్లాడుతోంది. దాని మీద దేశంలో ఎన్నో వాదనలున్నాయి, అవి నడవనివ్వండి. కానీ మతంతో నిమిత్తం లేకుండా అందరికీ ఉమ్మడిగా ఉన్న పెళ్లి చట్టం మన దగ్గర 1954 నుంచే ఉంది. దాన్ని సులువు చేయడానికి ఏ మతం అనుమతీ అక్కర్లేదు, ఏ మతం ఆచారమూ దెబ్బతినదు.

అందుకే అడుగుతున్నాను. నోటీసు ప్రకటన, బహిరంగ అభ్యంతరాలకు సంబంధించిన 5 నుంచి 9 దాకా ఉన్న సెక్షన్లను సవరించి, పత్రాల పరిశీలనను అధికారికే అప్పగించండి. వేరే రకంగా జరిగిన పెళ్లిని ఈ చట్టం కింద నమోదు చేసుకునేవారికీ 16వ సెక్షను ఇదే నోటీసు పెడుతోంది, దాన్నీ తీసేయండి. 19వ సెక్షనును రద్దు చేయండి. బిల్లుకు సమయం పడుతుందంటే, ఈ లోపు 50వ సెక్షను కింద నిబంధనలు చేసుకునే రాష్ట్రాలన్నిటికీ ఒక లేఖ రాయండి: నోటీసులు ఇంటర్నెట్‌లో పెట్టొద్దని, ఫొటోలు అంటించొద్దని, తల్లిదండ్రులకు ఫోన్లు చేయొద్దని, బెదిరింపు ఉందని చెప్పిన జంటను ఆ రోజే పోలీసు రక్షణకు పంపమని. ఆ లేఖకు పార్లమెంటు సమావేశాలు అక్కర్లేదు. మీ సంతకం చాలు.

ఇట్లు,
గుంటూరు నుంచి ఒక న్యాయవాది